ఆరో తరగతిలో జంట పట్టా

ఢిల్లీశ్వరి ఆరో తరగతిలో చేరిన రోజుకి ఆమె వయసు ఇరవై రెండేళ్ళ మూడు నెలలు.

అంతకు పదేళ్ళ ముందు ఆమె ఒకసారి ఆరో తరగతి చదివింది. క్లాసు ఫస్టుగా ప్యాసయింది కూడా. తర్వాత పది, ఇంటరు దాటుకుని డిగ్రీ నాలుగో ఏడు దాకా ఎక్కడా ఆగకుండా వచ్చింది. అలా వచ్చిన మనిషిని మళ్ళీ ఆరో తరగతి బెంచీ మీద కూర్చోబెట్టడం మామూలు బడి వల్ల అయ్యే పని కాదు. దానికి ఒక విశ్వవిద్యాలయం కావాలి.

ఆ విశ్వవిద్యాలయం పేరు ఉభయశ్రీ. అది కనిపెట్టిన కొత్త చదువు పేరు జంట పట్టా. బీయస్సీ, బీఈడీ రెండూ నాలుగేళ్ళలో చేతికిస్తారు. విడివిడిగా చదివితే అయిదేళ్ళు. ఢిల్లీశ్వరి తల్లి అప్పలనర్సమ్మ జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టి కూతుర్ని చదివిస్తోంది. పిక్క రసానికి ఆవిడ వేళ్ళు బొగ్గులా మాడిపోయాయి. ఒక ఏడాది కలిసొస్తుందంటే, ఆ వేళ్ళకి ఒక ఏడాది ముందు విశ్రాంతి దొరుకుతుందన్న మాట. అంతే, ఢిల్లీశ్వరి చేరిపోయింది. ఆమెకి కావలసింది ఒక్కటే. లెక్కల టీచరు ఉద్యోగం.

మొదటి మూడేళ్ళూ పరవాలేదు. బీయస్సీ కాలేజీ ఊరికి ఈ చివర, బీఈడీ కాలేజీ ఆ చివర. మధ్య తొమ్మిది కిలోమీటర్లు. మొదటి కాలేజీలో రెండో గంట, రెండో కాలేజీలో మొదటి గంట ఒకే సమయానికి పెట్టారు. రెండు చోట్లా ఎనభై శాతం హాజరుండాలి. ఇదెలా కుదురుతుందని పిల్లలు అడిగితే, ‘జంట పట్టా కోరువారు జంట శ్రద్ధ వహించవలెను’ అని నోటీసు బోర్డు మీద సమాధానం వచ్చింది. పిల్లలు సగం మంది ఇక్కడా సగం మంది అక్కడా కూర్చుని ఎలాగో నెట్టుకొచ్చారు.

నాలుగో ఏట బయటపడింది, నియమావళిలోని పదిహేడో నిబంధన.

‘ప్రతి అభ్యర్థియు, అనుబంధ పాఠశాల యందు, నమోదు కాబడిన ముప్పదిమంది పిల్లలకు తగ్గకుండ, ఇరువది పాఠములు బోధించవలెను.’

అనుబంధ పాఠశాల సంపంగివలస ఉన్నత పాఠశాల. ఢిల్లీశ్వరీ, ఆమె క్లాసువాళ్ళూ మొత్తం ముప్పై ఒక్కమంది చార్టులు, అట్ట గడియారాలు చంకన పెట్టుకుని ఆ బడికి వెళ్ళారు. బడి ఉంది. గంట ఉంది. హెడ్మాస్టరు ఉన్నాడు, తెలుగు మాస్టారున్నాడు, డ్రిల్లు మాస్టారున్నాడు. పిల్లలు లేరు. ఒక్కళ్ళూ లేరు. రెండేళ్ళ కిందటే ఊరి పిల్లలందరూ పసుపుపచ్చ బస్సులెక్కి టౌను ప్రైవేటు బడులకి మారిపోయారు.

ముప్పై ఒక్కమందీ తిరిగొచ్చి ఆచార్య గుణభూషణరావుగారి ముందు నిలబడ్డారు. ఆయన జంట పట్టా విభాగానికి అధిపతి. మాట్లాడితే అచ్చేసిన సర్క్యులర్ చదివినట్టుంటుంది.

‘‘సార్, ఆ బడిలో పిల్లలు లేరండి,’’ అంది ఢిల్లీశ్వరి.

‘‘అది పిల్లల లోపము. నిబంధన లోపము కాదు.’’

‘‘వేరే బడికి పంపించండి సార్. పక్కూరి బడిలో రెండొందల మంది ఉన్నారు.’’

‘‘అనుబంధ పాఠశాలను మార్చుటకు విద్యామండలి సమావేశము కావలెను. మండలి సమావేశమగుటకు కోరము కావలెను. కోరము సభ్యులలో ఇద్దరు దివంగతులు.’’

వెనక వరసలోంచి తవిటినాయుడు గొణిగాడు. ‘‘మరి పిల్లల్ని ఎక్కణ్ణించి తెస్తారేటి, సంతలోంచా?’’

తవిటినాయుడు ఆ క్లాసులో అందరికంటే పొడుగు. మీసం కోరగా తిప్పి ఉంటుంది. వేసవిలో పెళ్ళి కూడా కుదిరింది.

గుణభూషణరావుగారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆయనకి ఆలోచన వచ్చినప్పుడల్లా అలాగే వెలుగుతుంది. అది చూసిన గుమాస్తాలు సెలవు చీటీలు రాసుకుంటారు.

‘‘మీరు సూక్ష్మబోధన చేసియున్నారు గదా?’’

చేశారు. బీఈడీ చదివిన వాళ్ళందరికీ తెలిసిన తంతే. ఒకరు టీచరుగా నిలబడతారు, తోటివాళ్ళు పిల్లల్లా చేతులు కట్టుకుని కూర్చుని ‘గుడ్ మాణింగ్ టీచర్’ అంటారు. మర్నాడు ఇంకొకరు టీచరు. కాలేజీ గదిలో నాలుగు గోడల మధ్య ఆడే ఆట అది.

‘‘అదే ప్రక్రియను విస్తృతపరచెదము. మీరు ముప్పది యొక్కరు. ఒకరు బోధింపగా మిగులు వారు ముప్పదిమంది. నిబంధన కోరినదియు ముప్పదిమందియే. ఇది కాకతాళీయము కాదు, దూరదృష్టి!’’

‘‘కానీ బడిలో నమోదైన పిల్లలు అని ఉంది కదండీ?’’

‘‘అందుకని, నమోదు కండి.’’

*

సంపంగివలస హెడ్మాస్టరు బెహరా వైకుంఠరావుగారికి ఆచార్యులవారి ఉత్తరం అందినప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. పిల్లల్లేని బడిని జూన్‌లో మూసేస్తారు. మూస్తే ఆయన్ని కొండల మీద బడికి బదిలీ చేస్తారు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది, మోకాళ్ళు అప్పుడే రిటైరయ్యాయి. అలాంటి సమయంలో ఒకేసారి ముప్పై ఒక్కమంది పిల్లలు నడుచుకుంటూ వచ్చారు. కొందరు మోటారు సైకిళ్ళ మీద వచ్చారు.

‘‘ఏ తరగతిలో వేస్తారు మాస్టారూ?’’ అంది ఢిల్లీశ్వరి.

‘‘ఆరే. ఏడూ ఆ పైనా వెయ్యాలంటే కింది తరగతి టీసీ అడుగుతాది కంప్యూటరు. ఆరుకి ఏ కాగితమూ అడగదమ్మా.’’

ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. పుట్టిన సంవత్సరం కొట్టగానే తెర ఎర్రబడింది.

‘‘ఒప్పుకోటం లేదు. పదేళ్ళు నిండి పన్నెండు దాటకూడదంట. పదకొండు వేసేస్తన్నాను.’’

‘‘తప్పు కదండీ?’’

‘‘తప్పయితే ఎర్రగా వస్తాది తల్లీ. సూడు, పచ్చగా వచ్చింది.’’

తర్వాత ముఖాలకి ఫొటోలు తీశాడు. కంప్యూటరు తవిటినాయుడి ముఖాన్ని ఒక క్షణం పరీక్షగా చూసి, మీసంతో సహా పచ్చగా ఒప్పుకుంది.

ఆ విధంగా సంపంగివలస బడికి ప్రాణం వచ్చింది. రోజూ పొద్దున్న ముప్పై ఒక్కమందీ వరసలో నిలబడి ప్రార్థన చేసేవాళ్ళు. రెండేళ్ళ తర్వాత తన మాట వినేవాళ్ళు దొరికినందుకు డ్రిల్లు మాస్టారు ‘సావధాన్’ అని ఒకటికి పదిసార్లు అనేవాడు. మధ్యాహ్నం గుడ్డుతో భోజనం. కొన్నాళ్ళకి యూనిఫారాలొచ్చాయి, పదకొండేళ్ళ కొలతలతో. తవిటినాయుడి చొక్కా బొడ్డుకి జానెడు పైనే ఆగిపోయింది.

ఢిల్లీశ్వరి మొదటి పాఠం భిన్నాలు. ఆమె బాగా చెప్పింది. అట్టముక్కని రొట్టెలా కోసి, సగానికి మూడోవంతు కలిపితే ఎంతవుతుందో చూపించింది. గుమ్మంలో కూర్చున్న తెలుగు మాస్టారు కూడా ‘‘ఓహో, అదా సంగతి!’’ అన్నాడు.

బీఈడీ కాలేజీ నుంచి పర్యవేక్షణకి వచ్చిన డాక్టర్ త్రిపురాంబగారు మాత్రం పెదవి విరిచింది.

‘‘పాఠం సరే. పిల్లలు చూడు, ఎంత నిశ్శబ్దంగా ఉన్నారో! బాల్యదశలో చాంచల్యం సహజలక్షణమని మూడో అధ్యాయంలో చదవలేదూ? వీళ్ళలో బాల్యం కనబడటం లేదు. అల్లరి లేకపోతే నీ అదుపు సామర్థ్యానికి మార్కులు ఎలా వెయ్యను?’’

మర్నాటి నుంచి అల్లరి మొదలయింది. బీయస్సీ కెమిస్ట్రీలో యూనివర్సిటీ మొదటి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయి పక్కవాళ్ళ జడ లాగేది. తవిటినాయుడు చిటికెనవేలు ఎత్తి ‘‘టీచర్, ఒంటికెళ్ళొస్తా’’ అనేవాడు. ‘‘టీచర్, ఈడు నన్ను గిల్లినాడు!’’ అని ముప్పై ఏళ్ళ గున్నమ్మ ఏడ్చేది. పెళ్ళయి పిల్లలున్న మనిషి కాబట్టి అందరికంటే సహజంగా ఏడ్చేది. త్రిపురాంబగారు తృప్తిగా మార్కులు వేసేది.

నాలుగు నెలల్లో అందరి పాఠాలూ పూర్తయ్యాయి. ఈలోగా పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. పిల్లల సంఖ్యని సున్నా నుంచి ముప్పై ఒకటికి పెంచిన ఏకైక బడి సంపంగివలస. ఎంత శాతం పెరిగిందో లెక్కకట్టడానికి అధికారులు చాలాసేపు ప్రయత్నించి, సున్నాతో భాగించడం కుదరక, ‘అనంత శాతం వృద్ధి’ అని రాసి వైకుంఠరావుగారికి శాలువా కప్పారు.

*

పాఠాలయిపోయాయి కాబట్టి ముప్పై ఒక్కమందీ బడి మానేసి, డిగ్రీ ఆఖరి పరీక్షలకి కూర్చుని చదువుకోసాగారు.

అయిదో రోజు ఢిల్లీశ్వరి ఇంటి ముందు డప్పులు మోగాయి.

అప్పలనర్సమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. వాకిట్లో ఇద్దరు అధికారులు, బ్యానరు, పూలదండ పట్టుకున్న వైకుంఠరావుగారు. బ్యానరు మీద ‘బడి మానిన బిడ్డను బడికి తెద్దాం’ అని ఉంది.

‘‘అమ్మా, మీ పాప వరసగా అయిదు రోజులు బడికి రాలేదు,’’ అన్నాడు పెద్ద అధికారి. ‘‘పనిలో పెట్టారా?’’

‘‘ఏ పాపయ్యా?’’

‘‘ఢిల్లీశ్వరి. ఆరో తరగతి.’’

‘‘ఓలమ్మో! నా గుంటకి ఇరవై రొండేళ్ళు బాబూ! లోపల డిగ్రీ పరీచ్చకి సదూకుంటంది. ఆరో తరగతేటి, నీ బొంద!’’

అధికారి జాలిగా నవ్వాడు. ‘‘ఆడపిల్ల వయసు ఎక్కువ చేసి చెప్పి చదువు మాన్పించడం ఈ ప్రాంతంలో మామూలే. రాసుకోండి,’’ అన్నాడు పక్కనున్నాయనతో. ‘‘తల్లికి అవగాహన లేదు.’’

ఢిల్లీశ్వరి బయటికి రాగానే మెళ్ళో దండ పడింది. ఎదురు చెప్పే లోపల ఆటో ఎక్కించారు. ఊరంతా డప్పులతో ఊరేగించి బడికి చేర్చి, పలక చేతికిచ్చి ఫొటో తీశారు. మర్నాటి పేపర్లో ‘మళ్ళీ వికసించిన బాల్యం’ అని పడింది. అందులో ఢిల్లీశ్వరి చంకలో డిగ్రీ లెక్కల ‘వాస్తవ విశ్లేషణ’ పాఠ్యపుస్తకం స్పష్టంగా కనబడుతోంది.

‘‘మాస్టారూ, మా పేర్లు కొట్టెయ్యండి,’’ అంది ఆమె వైకుంఠరావుగారి గదిలో.

‘‘కొట్టేస్తే బడి మూసేస్తారమ్మా. నన్ను కొండెక్కించేస్తారు. ఈ మోకాళ్ళు సూడు!’’ పంచె పైకి లాగబోయాడు.

‘‘టీసీ ఇవ్వండి పోనీ.’’

‘‘వేరే బడిలో సేరతానంటేనే టీసీ. ఎక్కడ సేరతావు, ఏడులోనా? ఆరో తరగతి పరీచ్చలు రాస్తే పంపిస్తాను.’’

రెండు వారాలకి తవిటినాయుడి పెళ్ళి. తోటివాళ్ళందరూ వెళ్ళారు. జీలకర్ర బెల్లం పెట్టే ముందు పందిట్లోకి జీపు వచ్చి ఆగింది. బాలల సంరక్షణ బృందం దిగింది.

‘‘ఆపండి! పదకొండేళ్ళ బాలుడికి పెళ్ళి చేస్తారా?’’

పెళ్ళికూతురి తండ్రి చుట్టూ చూశాడు. ‘‘బాలుడెవరు బాబూ?’’

‘‘వరుడు. సంపంగివలస బడి, ఆరో తరగతి, రోల్ నంబరు పద్దెనిమిది.’’

‘‘అయ్యా, ఆడికి మీసాలున్నాయి!’’

‘‘మీసం గుర్తింపు పత్రం కాదండీ,’’ అన్నాడు బృందం నాయకుడు. ‘‘వయసుకి బడి రికార్డే ప్రమాణం.’’

తవిటినాయుడు పీటల మీంచి లేచాడు. బాసికంతో కలిపి ఆరున్నర అడుగులున్నాడు. ‘‘ఒరే, నానేటి బాలుడినా! నా బైకు లైసెన్సు సూడండి!’’

‘‘మైనరు బాలుడు బైకు కూడా నడుపుతున్నాడు,’’ అని రెండో కేసు రాసుకున్నారు.

అతన్ని మెల్లిగా బుజ్జగించి, చేతిలో ఒక లడ్డూ, బొమ్మల కథల పుస్తకం పెట్టి, వసతిగృహానికి తీసుకుపోయారు. జీపులోంచి తవిటినాయుడు పెళ్ళికూతురి వైపు చూసిన చూపు ఢిల్లీశ్వరి మరిచిపోలేకపోయింది. అందరూ నవ్వారు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. తవిటినాయుడి పెళ్ళినే ఆపిన ఆ ఆరో తరగతి, తన ఉద్యోగాన్ని ఆపకుండా ఉంటుందా?

*

ఉండలేదు.

ఫలితాలొచ్చాయి. జంట పట్టాలో ఢిల్లీశ్వరి మొదటి స్థానం. అదే వారంలో డీఎస్సీ ప్రకటన కూడా వచ్చింది. ఖాళీల జాబితా చూస్తూ ఒక చోట ఆమె వేలు ఆగిపోయింది. ‘సంపంగివలస ఉన్నత పాఠశాల. గణితం. ఒకటి.’

పిల్లలు ముప్పై దాటారు కాబట్టి ఆ బడికి లెక్కల పోస్టు మంజూరయింది. ఆ పిల్లలు వీళ్ళే. తన ఉద్యోగాన్ని తానే బెంచీ మీద కూర్చుని పుట్టించుకుంది! దరఖాస్తుకి ఆఖరి గడువు నెలాఖరు, సాయంత్రం అయిదు గంటలు. తాత్కాలిక పట్టా నంబరు వెయ్యాలి. పన్నెండు రోజుల టైముంది. తల్లి అప్పుడే బట్టీ మేస్త్రీకి ‘‘ఇంకో రొండు నెల్లే, తరవాత నాను రాను’’ అని చెప్పేసింది.

విశ్వవిద్యాలయం కిటికీలో గుమాస్తా ఆమె నంబరు కొట్టి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ కొట్టాడు.

‘‘పట్టా రాదమ్మా. నువ్వు ఆరో తరగతి చదువుతున్నట్టుంది.’’

‘‘నా టెన్తు మెమో ఇదిగోండి. ఇంటరు ఇదిగోండి.’’

‘‘అవన్నీ పాతవి. కొత్త పద్ధతిలో చివరి నమోదే లెక్క. ఆరో తరగతి పిల్లకి డిగ్రీ ఇస్తే నా ఉద్యోగం పోతుంది. ఆచార్యులవారిని కలువు.’’

ఆచార్య గుణభూషణరావుగారు బోధనాభ్యాస విభాగం గదిలో ఉన్నారు. అంతా విన్నారు.

‘‘నీవు అక్షరసత్యము పలుకుచున్నావు. మా ఆదేశము మేరకే మీరు నమోదైతిరి. ఈ విషయమును పట్టాల విభాగమునకు నివేదించవలెను.’’ అని ఉత్తరం రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చారు.

పట్టాల విభాగం నడవాకి అవతలి గది. ఢిల్లీశ్వరి నడవా దాటేలోగా గుణభూషణరావుగారు లోపలి తలుపులోంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. జంట పట్టాకి జంట విభాగాలు. రెండింటికీ ఆయనే అధిపతి.

ఉత్తరం తీసుకుని, కవరు చింపి, మొదటిసారి చూస్తున్నట్టు చదివారు. కనుబొమలు ముడిపడ్డాయి.

‘‘ఎవరో బాధ్యతారహితముగ వ్రాసిన ఉత్తరమిది.’’

‘‘మీరే సార్! ఇప్పుడే!’’

‘‘వ్రాసినది బోధనాభ్యాస విభాగము. చదువుచున్నది పట్టాల విభాగము. పదవ తరగతి ఉత్తీర్ణత లేనివారికి పట్టా ప్రదానము చేయుట చట్టవిరుద్ధము. విశ్వవిద్యాలయమునకు ఒక ప్రతిష్ఠ యున్నది.’’

‘‘మరి నాకు మొదటి ర్యాంకెలా ఇచ్చారు?’’

‘‘అదియే మాకును విస్మయముగ నున్నది. పదకొండేండ్ల బాలిక వాస్తవ విశ్లేషణలో తొంబదినాలుగు తెచ్చుకొనుట! నిన్ను బాలమేధావిగ సన్మానింప వీలున్నదేమో పరిశీలించెదము.’’

ఢిల్లీశ్వరి మూడు అర్జీలు పెట్టింది. మూడింటికీ ఒకే రసీదు వచ్చింది, ‘తొంబది దినములలో పరిశీలించబడును’ అని. గడువు ఇంకా అయిదు రోజులే.

ఆ సాయంత్రం బడి వరండాలో ఆమె కళ్ళు ఒక ఎర్ర డబ్బా మీద పడ్డాయి. దాని మీద ‘పిల్లల గొంతు’ అని రాసి ఉంది. ఏ పిల్లయినా ఫిర్యాదు రాసి వేస్తే, రాష్ట్రస్థాయి అధికారి నలభై ఎనిమిది గంటల్లో స్వయంగా రావాలి. పెద్దల మాటకి తొంభై రోజులు. పిల్లల మాటకి రెండు రోజులు.

‘సరే, నేను పిల్లనే కదా!’ అనుకుంది ఢిల్లీశ్వరి. కాగితం తీసి, వంకరటింకర అక్షరాలతో రాసింది. ‘పెద్ద సారుకి దండాలు. మా క్లాసులో పిల్లలందరికీ అన్యాయం జరిగింది. తొందరగా రండి. ఢిల్లీశ్వరి, ఆరో తరగతి.’

కబురు క్షణాల మీద పాకింది. వసతిగృహం గోడ దూకి తవిటినాయుడు కూడా వచ్చాడు. ‘‘పెద్ద సారు సేతిలో పలక లాంటిదొకటి ఉంటాదంట. ఒక్క నొక్కు నొక్కితే మన పేర్లు పోతాయంట. పేరు పోతే పట్టా దానంతటదే వచ్చేస్తాది. యూనివర్సిటీ గుమాస్తా నాతో ప్రమాణం సేసి సెప్పినాడు.’’

*

కానీ పెద్ద సారు సరిగ్గా నలభై ఎనిమిది గంటలకి రాలేదు. సన్మానాల వల్ల ఆలస్యమయింది. గడువు ఆఖరి రోజున మధ్యాహ్నం మూడున్నరకి వచ్చాడు.

ఆరో తరగతిలో ముప్పై ఒక్కమందీ కూర్చున్నారు. ప్రతివాళ్ళ ఒళ్ళోనూ ఒక సెల్‌ఫోను. ప్రతి ఫోనులోనూ దరఖాస్తు పూర్తిగా నింపి ఉంది. ఒక్క పట్టా నంబరు గడి మాత్రం ఖాళీ. గోడ గడియారం ఎవరికీ కనబడకుండా దాక్కోలేని చోట ఉంది.

ముందు స్వాగత గీతం. తర్వాత వైకుంఠరావుగారి నివేదిక. తర్వాత గుణభూషణరావుగారి ప్రసంగం, ‘బాల్యము, భారతము, భవిష్యత్తు’ మీద. నాలుగూ ఇరవై. తర్వాత పెద్ద సారు మాట్లాడాడు. ఆయన మంచివాడు. పిల్లలంటే ప్రాణం. మాట్లాడుతూ రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు. నాలుగూ నలభై.

‘‘ఢిల్లీశ్వరి ఎవరమ్మా?’’

ఆమె లేచింది.

‘‘సార్, నాకు ఇరవై రెండేళ్ళు. బీయస్సీ, బీఈడీ ప్యాసయ్యాను. ఇక్కడున్న ముప్పై ఒక్కమందిమీ అంతే. పాఠాలు చెప్పడానికి పిల్లల్లేరని మమ్మల్నే పిల్లలుగా రాశారు. ఆ పేర్లు తీసేస్తే మాకు పట్టాలొస్తాయి. అయిదింటికి గడువు. ఒక్క నొక్కు నొక్కండి సార్. మా అమ్మ చేతులు చూశారా మీరు? చూస్తే నొక్కుతారు.’’

పెద్ద సారు పలక తీసి ఆమె పేరు కొట్టాడు. చదివాడు. మళ్ళీ ఆమె వైపు చూశాడు. తవిటినాయుడు మెడ సాచి పలకలోకి తొంగిచూశాడు.

‘‘పదకొండేళ్ళు,’’ అన్నాడు పెద్ద సారు మృదువుగా. ‘‘పచ్చగా ఉందమ్మా.’’

‘‘నన్ను చూడండి సార్, దాన్ని కాదు!’’

ఆయన ఆమె తల నిమిరాడు. ఆమె ఆయనకంటే రెండంగుళాలు పొడుగు, కొంచెం మునివేళ్ళ మీద లేవాల్సొచ్చింది. ‘‘త్వరగా పెద్దవాళ్ళం అయిపోవాలని ఈ వయసులో అందరికీ ఉంటుంది. నాకూ ఉండేది. అంతమాత్రాన బడిలోంచి పసిపిల్ల పేరు కొట్టేస్తానా? అది నేరం, తల్లీ.’’ అంతలో ఆయన చూపు బెంచీల కిందికి పోయింది. ‘‘ఇదేమిటిది! పసివాళ్ళ చేతుల్లో సెల్‌ఫోన్లా?’’

డ్రిల్లు మాస్టారు బుట్ట పట్టుకుని వరస వరసకీ తిరిగాడు. ముప్పై ఒక్క ఫోన్లూ బుట్టలో పడ్డాయి. నాలుగూ యాభై రెండు.

‘‘పోనీ, నీకు ఇంకేమైనా కావాలా అమ్మా? నిజమైన సమస్య?’’

ఢిల్లీశ్వరి బుట్ట వైపు చూసింది. గడియారం వైపు చూసింది. తర్వాత నల్లబల్ల వైపు చూసింది. దాని మీద ఎవరో జూనియర్ అమ్మాయి పొద్దున్న బోధనాభ్యాసానికి వచ్చి రాసి వెళ్ళిన లెక్క ఇంకా ఉంది. ఈ ఏడాది జూనియర్లకి ఇబ్బంది లేదు. అనుబంధ పాఠశాలలో ఇప్పుడు నమోదైన పిల్లలు ముప్పై ఒక్కమంది ఉన్నారు. ఆ అమ్మాయి సగం, మూడోవంతు కలిపి అయిదింట రెండు వంతులని వేసింది.

‘‘మాకు లెక్కల టీచరు లేరండి,’’ అంది. ‘‘ఆ లెక్క తప్పు.’’

వెళ్ళి రంగు సుద్దముక్కలు తీసుకుంది. తుడిచింది. రొట్టె గీసింది, ఆరు ముక్కలు చేసింది. మూడు ముక్కలొక రంగు, రెండు ముక్కలొక రంగు. మిగిలిన ఒక్క ముక్కనీ అలాగే ఖాళీగా వదిలేసింది. ఒక్కో ముక్కా చూపిస్తూ చెప్పింది. గున్నమ్మ అల్లరి మరిచిపోయి వింటోంది. పెద్ద సారు నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆయన ఉద్యోగ జీవితంలో భిన్నాలు అర్థం కావడం అదే మొదటిసారి.

సుద్ద చేతులు దులుపుకుని ఆమె తిరిగేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. గుణభూషణరావుగారు సంచిలోంచి జంట పట్టా కరపత్రం తీసి, ‘‘భవిష్యత్తులో పనికివచ్చును’’ అని ఆమె చేతిలో పెట్టారు. పెద్ద సారు జేబులోంచి చాక్లెట్టు తీశాడు.

‘‘ఎంత చక్కగా చెప్పిందండీ!’’ అన్నాడు ఆనందం పట్టలేక. ‘‘పెద్దయ్యాక టీచరవుతావా, అమ్మా?’’

ఢిల్లీశ్వరి గోడ గడియారం చూసింది. అయిదూ రెండు నిమిషాలు.

‘‘అవుతానండి,’’ అంది. ‘‘ముందు ఏడో తరగతికి వెళ్ళాలి కదా.’’